సంతకం వస్తే చాలదు, చదవడం రావాలి



మీ విరాళాలతో ప్రతి ఏటా మన పిల్లలకు పుస్తకాలు, ఫీజులు, స్కాలర్‌షిప్పులు అందుతున్నాయి. ఆ దరఖాస్తు ఫారాలు నింపే పనిలో ఉపాధ్యాయులుగా మేమూ పాలుపంచుకుంటున్నాం. బిడ్డ పేరు, తరగతి, మార్కులు రాసి ఫారం చివరికి వచ్చేసరికి తల్లి ఎడమ చేతి బొటనవేలు ముందుకు చాపుతుంది. కొందరు తల్లులు సంతకం చేస్తారు. అయితే ఏ కాగితం మీద సంతకం పెట్టామో వారికీ తెలియదు. బిడ్డ చదువు గురించి ఇంతగా ఆలోచించే మనం తల్లి చదువు గురించి ఎంత ఆలోచించాం? ఈ వ్యాసంలో మా అనుభవాన్ని, తెలుసుకున్న విషయాలను మీ ముందు పెడుతున్నాం.

ముందుగా ఒక పాత సంగతి చెప్పాలి. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో జగిత్యాల దగ్గరి ఒక ఊళ్లో పనిచేసేవాళ్లం. అప్పట్లో సెల్‌ఫోన్లు లేవు. గల్ఫ్ నుంచి ఉత్తరం వస్తే చదివించుకోవడానికి బడికి వచ్చేవారు. ఒకరోజు ఒక కొత్త కోడలు మామగారితో కలిసి ఉత్తరం పట్టుకొని వచ్చింది. భర్తకూ చదువు రాదు. దమ్మామ్‌లో గదిలో తోడుండే మనిషి చేత రాయించాడు. అంటే ఉత్తరం రాసింది ఒకరు, చదివేది మరొకరు. భార్యాభర్తల మాటల మధ్య ఇద్దరు పరాయివాళ్లు. సగం చదివేసరికి, నాలుగు నెలలుగా జీతం ఇవ్వలేదనీ, ఒంట్లో బాగాలేదనీ ఉంది. మామగారు ఆమె వెనక నిలబడి, చదవొద్దని చేతితో సైగ చేశారు. మేము ఆ నాలుగు పంక్తులు దాటేసి, 'అందరికీ సలాములు' దగ్గర ఆపేశాం. అసలు సంగతి ఆమెకు కొన్ని నెలల తర్వాత ఎవరి ద్వారానో తెలిసింది. మళ్లీ మా దగ్గరకు ఉత్తరం తీసుకురాలేదు.

ఆమెకు ఏది తెలియాలో, ఏది తెలియకూడదో ఆ రోజు మేము నిర్ణయించాం. చదువు రానివారి జీవితంలో ఇలా నిర్ణయించేవాళ్లు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

ఎవరిని నిరక్షరాస్యులు అనాలి?

మన జనాభా లెక్కల్లో ఏడేళ్లు, ఆపైన వయసున్న వ్యక్తి ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే అక్షరాస్యుడు. సంతకం ఒక్కటే వస్తే ఈ లెక్కలోకి రాకూడదు. 2011 లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 73 శాతం. 2016 అక్టోబరు 11న కరీంనగర్ జిల్లా నుంచి విడిపోయిన జగిత్యాల జిల్లా హద్దుల్లో చూస్తే అది 60 శాతం దగ్గర, రాజన్న సిరిసిల్ల జిల్లాలో 63 శాతం దగ్గర ఉంది. ఆడవారిలో ఇంకా తక్కువ. ఆ లెక్కలు వేసినప్పుడు పాతికేళ్లున్నవారు ఇప్పుడు నలభై దాటారు. వారిని ఆనాడు వదిలేసిన బడి ఈనాడు తనంతట తాను వెతుక్కుంటూ రాదు.

మన వాడల్లో మేము చూసినంతలో చదువు రానివారు నాలుగు రకాలు. ఒకటి, బడి ముఖమే చూడనివారు. రెండు, సంతకం మాత్రం నేర్చుకున్నవారు. మూడు, నాలుగైదు తరగతులు చదివి మానేసి, వాడకం లేక మరిచిపోయినవారు. నాలుగో రకం మన సమాజంలో ఎక్కువ. చిన్నప్పుడు మక్తబ్‌లో ఖాయిదా చదివి ఖుర్‌ఆన్ నాజిరా పూర్తిచేసినవారు, ఉర్దూ కాస్తో కూస్తో చదవగలిగినవారు. వీరికి బస్సు మీది తెలుగు బోర్డు, రేషన్ దుకాణం ముందు అంటించిన నోటీసు, బ్యాంకు ఫారం అర్థం కావు. 1948 వరకు ఈ ప్రాంతంలో రాజభాష ఉర్దూ. మన తాతల్లో ఉర్దూ చదివినవారు కచేరీలో దర్జాగా కాగితం రాసేవారు. పాలనా భాష మారింది, వాడలోని చదువు మాత్రం మారలేదు. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూను రెండో అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చినా, మన ఊళ్లలో రోజూ చేతికొచ్చే కాగితం తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది.

ఈ నాలుగు రకాలవారికీ ఒకే పాఠం చెబితే నడవదు. మేము మొదట చేసిన పొరపాటు అదే. దాని గురించి తర్వాత చెబుతాం.

చదువు రాకపోతే పోయేది ఏమిటి?

కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఏ వాడకు పోయినా చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇస్తారు. ఎన్ని ఇచ్చాం, బాగాలేవని ఎన్ని తీసేశారు, ఆకు ఎంత తూకం ఇచ్చారు, పీఎఫ్ ఎంత కోశారు, ఇవన్నీ పుస్తకంలో రాస్తారు. రాసేది ఒకరు, వినేది మరొకరు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం, 1976 నాటి బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వీరి కోసం వచ్చినవే. ఆ హక్కులన్నీ గుర్తింపు కార్డు, పీఎఫ్ నంబరు, పుస్తకంలోని పేరు మీద ఆధారపడి ఉంటాయి. ఆసరా పథకం కింద బీడీ కార్మికులకు ఇచ్చే భృతికీ పీఎఫ్ ఖాతాయే ఆధారం.

మన పేర్లతో వచ్చే చిక్కు వేరు. ఒకే మనిషి పీఎఫ్ కాగితంలో 'రజియా బీ', ఆధార్‌లో 'షేక్ రజియా', బ్యాంకులో 'రజియా బేగం' అని ఉంటే ఆఫీసు లెక్కలో వారు ముగ్గురు మనుషులు. తండ్రి పేరు ముందు 'మహమ్మద్' ఒకచోట, 'ఎండి' ఒకచోట. పుట్టిన సంవత్సరం మూడు కాగితాల్లో మూడు రకాలు. రాసిన రోజే ఆమె చదవగలిగి ఉంటే అక్కడికక్కడే దిద్దించేది. ఇరవై ఏళ్ల తర్వాత పైసలు తీసుకునే రోజున బయటపడితే, మీసేవకూ ఆఫీసుకూ తిరగడంతోనే చెప్పులు అరుగుతాయి.

సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసేవారికి కూలి నేసిన మీటర్ల మీద, పిక్కుల మీద ఉంటుంది. ఆసామి లెక్క రాస్తాడు, కార్మికుడు నోటి లెక్క గుర్తుపెట్టుకుంటాడు. రెండూ కలవకపోతే ఎవరి మాట నిలుస్తుంది? రాసినవాడి మాటే. అక్కడి ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు, సంఘాల్లో అప్పు తీసుకుంటారు, ఫైనాన్స్ కాగితాల మీద సంతకం పెడతారు. వడ్డీ ఎంత, వాయిదాలు ఎన్ని, జామీను ఎవరు అన్నది కాగితంలో ఉంటుంది కానీ వారి చెవిదాకా రాదు.

మూడోది గల్ఫ్. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి నలభై యాభై ఏళ్లుగా మనవాళ్లు దుబాయి, సౌదీ, కువైట్, ఖతర్ పోతున్నారు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కోవలోకి వస్తుంది. అలాంటివారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. చదువు తక్కువవారు మోసపోకుండా పెట్టిన కాపలా అది. దాన్ని తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పంపే దళారుల మాట నమ్మి మోసపోయేది కూడా ఎక్కువగా చదువు రానివారే. వీసా మీద ఏ పని రాసి ఉంది, ఒప్పందంలో జీతం ఎంత, ఏజెంటుకు లైసెన్సు ఉందా లేదా? ఈ మూడు చూసుకోగలిగితే ఎన్నో ఇళ్లు అప్పుల పాలు కాకుండా ఉండేవి.

"ఇప్పుడు ఫోన్ ఉంది కదా సార్, వాయిస్ పెడితే చాలు, చదువు ఎందుకు?" అని మమ్మల్ని చాలామంది అడిగారు. మంచి ప్రశ్నే. దమ్మామ్ నుంచి వచ్చే మాటకు ఇప్పుడు పరాయివాళ్లు అక్కర్లేదు, అది ఫోన్ చేసిన మేలు. కానీ బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్ అక్షరాల్లోనే వస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రాసిన హెచ్చరిక కూడా అక్షరాల్లోనే ఉంటుంది. మందుల చిట్టీ, సంతకం పెట్టాల్సిన కాగితం నోరు తెరిచి మాట్లాడవు.

దీన్ మనకు ఏమి నేర్పింది?

దైవప్రవక్త ముహమ్మద్ (స) వారిపై అవతరించిన తొలి ఆదేశం చదవమనే ఆదేశం. ఆ తొలి వాక్యాల్లోనే కలం ప్రస్తావన ఉంది. ఇది మనం ప్రతి సభలో వింటాం. అంతగా వినని విషయాలు మరికొన్ని ఉన్నాయి.

హిజ్రీ 2వ సంవత్సరంలో జరిగిన బద్ర్ యుద్ధంలో బందీలుగా చిక్కినవారిలో పరిహారం చెల్లించలేని, అయితే రాయడం చదవడం వచ్చినవారికి ఒక మార్గం చూపారు. మదీనా పిల్లలు పదేసి మందికి చదవడం, రాయడం నేర్పితే విడుదల. శత్రువు నుంచి కూడా అక్షరం తీసుకోవడానికి వెనకాడలేదు. ఒక మనిషి స్వేచ్ఛకు సమానమైన వెలను పదిమంది చదువుకు కట్టారు. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (ర) రాయడం వచ్చిన మహిళ. ఆమె విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (ర) గారికి రాయడం నేర్పారు. పెళ్లయిన స్త్రీ, పెద్ద వయసులో, మరో స్త్రీ దగ్గర నేర్చుకోవడం మనకు కొత్త ఆచారం కాదన్నమాట.

దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ దేని గురించో గమనించారా? సూరె బఖరాలోని 282వ ఆయత్ అప్పు పత్రం గురించి. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గడువుతో సహా రాసిపెట్టుకోవాలని, సాక్షులు ఉండాలని, రాయడం వచ్చినవాడు రాసివ్వడానికి నిరాకరించకూడదని అందులో బోధన ఉంది. బీడీ పుస్తకం, సాంచా లెక్క, ఫైనాన్స్ కాగితం అన్నీ దీని కిందికే వస్తాయి. రాయడం వచ్చినవాడి మీద బాధ్యత పెట్టారంటే, ఆ బాధ్యత మన మీద, అంటే చదువుకున్నవారి మీద ఉందని మేము అర్థం చేసుకున్నాం.

ఇంతకుముందు ఎవరు, ఎలా చేశారు?

ఫిలిప్పీన్స్‌లోని లనావో ప్రాంతంలో మరనావ్ ముస్లింల మధ్య 1930 ప్రాంతంలో ఫ్రాంక్ లాబక్ అనే అమెరికన్ మతప్రచారకుడు వయోజనుల చదువు నడిపేవాడు. అమెరికాలో ఆర్థిక మాంద్యం వచ్చి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చే డబ్బు ఆగిపోయింది. అప్పుడు అక్కడి ముస్లిం పెద్దలే పూనుకొని, నేర్చుకున్న ప్రతివాడూ మరొకరికి నేర్పి తీరాలని కట్టడి చేశారు. 'ఒకరు ఒకరికి నేర్పాలి' అనే మాట ప్రపంచమంతా పాకింది అక్కడి నుంచే.

మన దేశంలో 1988 మే 5న జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైంది. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో 1989లో శాస్త్ర సాహిత్య పరిషత్ కార్యకర్తలు, వేలాది స్వచ్ఛంద సేవకులు వాడవాడకూ తిరిగి చదువు చెప్పారు. 1990 ఫిబ్రవరిలో దేశంలో తొలి సంపూర్ణ అక్షరాస్యతా జిల్లా అయింది. 1991 ఏప్రిల్ 18న కోజికోడ్‌లో కేరళను సంపూర్ణ అక్షరాస్యతా రాష్ట్రంగా ప్రకటించింది ఏ మంత్రిగారో కాదు. మలప్పురం జిల్లాకు చెందిన చేలక్కోడన్ ఆయిషా అనే ముస్లిం మహిళ. వయసు మళ్లాక అక్షరాలు నేర్చుకున్న ఆవిడ చేతనే ఆ ప్రకటన చేయించారు. మన వాడలోని అమ్మలకు మేము ఈ సంగతి చెప్పినప్పుడు, "ఆమె పేరు మల్లొకసారి చెప్పుండ్రి" అని అడిగి మరీ విన్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన స్త్రీలు కూర్చొని మాట్లాడుకొని, 1992లో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం దాకా వెళ్లింది. చదువు ఒక్క మనిషితో ఆగదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

2009 సెప్టెంబరు 8న సాక్షర భారత్ వచ్చింది. స్త్రీల అక్షరాస్యత తక్కువగా ఉన్న జిల్లాలను తీసుకొని 2018 మార్చి వరకు నడిపారు. అది గ్రామీణ ప్రాంతాల కార్యక్రమం. పట్టణాల్లోని వాడలు దాని పరిధిలోకి రాలేదు. మన జనం ఎక్కువగా ఉండేది కోరుట్ల, జగిత్యాల లాంటి పట్టణాల్లోనే. 2014లో ముస్లిం వయోజనుల కోసం మౌలానా ఆజాద్ పేరుతో తాలీమె బాలిగాన్ కార్యక్రమం ప్రకటించారు. కేంద్రం 2022 నుంచి 2027 వరకు నడుపుతున్న కొత్త కార్యక్రమం ఉల్లాస్. పదిహేనేళ్లు దాటినవారికి, జీతం లేని స్వచ్ఛంద సేవకుల ద్వారా చదువు చెప్పి, చదవడం, రాయడం, లెక్కలలో పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. ప్రభుత్వం పుస్తకం ఇస్తుంది, సర్టిఫికెట్ ఇస్తుంది. పక్కన కూర్చొని చేయి పట్టి దిద్దించే మనిషిని మాత్రం వాడే ఇవ్వాలి.

మేము తప్పు చేసి నేర్చుకున్నది

కొన్నేళ్ల కింద మేము నలుగురం ఉపాధ్యాయులం, మా ఇళ్లలోని ఆడవాళ్లు కలిసి ఒక బీడీ వాడలో తరగతి మొదలుపెట్టాం. మగ్రిబ్ తర్వాత సమయం. మొదటి రోజు 22 మంది వచ్చారు. బోర్డు మీద అ, ఆ రాసి, మూడో తరగతి పిల్లలకు చెప్పినట్టే చెప్పాం. మూడో వారానికి ఆరుగురు మిగిలారు. వారికి శ్రద్ధ లేదని మాలో మేము అనుకున్నాం. ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లి ఎందుకు రావడం లేదని అడిగితే ఇలా అంది: "పొద్దుగాల్ల బీడీలు అప్పజెప్పాలె. మగ్రిబ్ నుంచి ఇషా దాకా చుడితెనే లెక్క నిండుతది. అ ఆలు నేర్చుకొని నేనేం జేస్త సార్? నా పీఎఫ్ చిట్టీల ఏమున్నదో గది చెప్పు."

బీఈడీలో మేము చదివిన పుస్తకాల కంటే ఆ మాట ఎక్కువ నేర్పింది. మరునాటి నుంచి మూడు మార్పులు చేశాం.

మొదటిది సమయం. బీడీలు అప్పజెప్పి వచ్చాక, జొహర్ తర్వాత గంట. మగవాళ్లు బోర్డు దగ్గర నిలబడి చెప్పడం మాని, చదువుకున్న కోడళ్లు, ఇంటర్ చదివే ఆడపిల్లలు ముగ్గురేసి మందితో ఇంటి వాకిట్లో కూర్చున్నారు. ఆపా, ఖాలా అని పిలుచుకునేవాళ్ల మధ్య సిగ్గు తగ్గింది.

రెండోది కళ్లద్దాలు. నలభై దాటాక చత్వారం వస్తుంది. దగ్గరి అక్షరం అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. అక్షరాలు బుర్రకెక్కడం లేదని మేము అనుకున్నవారిలో కొందరికి అక్షరాలు కనిపించడమే లేదు. కంటి పరీక్ష చేయించి అద్దాలు ఇచ్చాక ఒక ఖాలా సూదిలో దారం ఎక్కించి చూపించి నవ్వింది.

మూడోది పాఠం. బ్రెజిల్‌లో పౌలో ఫ్రెయిరె అనే విద్యావేత్త 1963లో అంజికోస్ అనే ఊళ్లో సుమారు 300 మంది కూలీలకు 40 గంటల్లో చదవడం మొదలుపెట్టించాడు. వారి బతుకులోని మాటలతో మొదలుపెట్టి, మాటను ముక్కలు చేసి, ఆ ముక్కలతో కొత్త మాటలు కట్టించడం ఆయన పద్ధతి. మేము 'కూలి' అనే మాటతో మొదలుపెట్టాం. అందులో క ఉంది, ల ఉంది, రెండు గుణింతాలు ఉన్నాయి. వాటితోనే కల, కాలు, కీలు, కలి వస్తాయి. తర్వాత ఆకు, కట్ట, బీడీ. సిరిసిల్లలో అయితే నూలు, మీటరు. గల్ఫ్ ఇళ్లలో వీసా, జీతం. లెక్కలూ అంతే. కట్టకు 25 చొప్పున 40 కట్టలైతే వెయ్యి అని వారికి నోటికి తెలుసు. కాగితం మీద దాన్ని ఎలా రాస్తారో చూపితే గుణకారం వచ్చేసినట్టే.

ఖాయిదా నుంచి గుణింతానికి

నాజిరా చదివిన అమ్మలను మేము మొదట నిరక్షరాస్యులుగానే లెక్కవేశాం. అదీ తప్పే. గుర్తును చూసి ధ్వని పలకడం, గుర్తులను కలిపి మాట చదవడం వారికి చిన్నప్పుడే వచ్చింది. వారికి కావలసింది కొత్త లిపి మాత్రమే. స్వచ్ఛంద సేవకులుగా రాదలచినవారికి ఈ పోలిక పనికొస్తుంది.

ఖాయిదాలో అక్షరానికి జబర్ పెడితే 'అ' ధ్వని. తెలుగులో 'క' అన్నప్పుడు ఆ 'అ' అందులోనే ఉంది. కింద జేర్ పెడితే 'కి', తెలుగులో అది గుడి. పేష్ పెడితే 'కు', అది కొమ్ము. జబర్ తర్వాత అలిఫ్ వస్తే సాగదీస్తాం, అది దీర్ఘం, 'కా'. జేర్ తర్వాత యే, పేష్ తర్వాత వావ్ వచ్చి సాగితే 'కీ', 'కూ'. జజమ్ అంటే పొల్లు. తష్దీద్ అంటే ద్విత్వం, 'అమ్మ'లోని మకు మవత్తు. అక్షరం మొదట్లో ఒక రూపం, మధ్యలో ఒక రూపం, చివర ఒక రూపం ఉండటం వారికి అలవాటే కనుక, వత్తు రూపం మారిందని భయపడరు. బే, తే, సే చుక్కల తేడాతో గుర్తుపట్టే కన్ను, ప, ఫ, ష తేడానూ పడుతుంది.

నిదానించాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. రాత కుడి నుంచి ఎడమకు కాక ఎడమ నుంచి కుడికి పోతుంది. మొదటి వారం వేలు పెట్టి చదివించాలి. ఎ, ఏ, ఒ, ఓలను విడివిడిగా చూపే గుర్తులు ఖాయిదాలో లేవు. ళ, ణ ఉర్దూ మాట్లాడే నోటికి కొత్త. వీటికి ఎక్కువ రోజులు కేటాయించాలి, నవ్వకూడదు. ఈ పద్ధతి తెలిశాక మా తరగతిలో అందరికంటే వేగంగా సాగింది మేము చదువు రాదని రాసుకున్న ఈ అమ్మలే. "ఇది జేర్ కదా ఆపా!" అని గుడిని చూసి ఒకామె తనే కనిపెట్టింది.

సేవకులకు నాలుగు మాటలు

పెద్దవారిని పిల్లల్లా గద్దించవద్దు. తప్పు చదివితే పదిమందిలో దిద్దవద్దు. ఫలానా ఆమెకు చదువు రాదన్న మాట తరగతి గడప దాటకూడదు. వారి కాగితాల్లోని సంగతులు, అప్పులు, జబ్బులు మన నోట బయట వినిపించకూడదు. అది అమానత్. ఫారం మనమే నింపి ఇస్తే పని తొందరగా అవుతుంది, కానీ వచ్చే నెల ఆమె మళ్లీ మన దగ్గరకే రావాలి. ఆమె చేతనే ఒక గడి నింపించండి. వచ్చేసారి రెండు.

తొందరపడవద్దు. అక్షరాస్యతా మిషన్ తయారుచేసిన మూడు వాచకాల పద్ధతికి సుమారు 200 గంటలు అనుకున్నారు. రోజుకు గంట, వారానికి అయిదు రోజులు అనుకుంటే 40 వారాలు. రంజాన్, పెళ్లిళ్లు, జ్వరాలు కలుపుకుంటే ఏడాది. ఆ తర్వాత చదవడానికి ఏమీ దొరకకపోతే వచ్చిన చదువు పోతుంది. మస్జిద్ పక్క గదిలో పెద్ద అక్షరాల పుస్తకాలు, ఒక దినపత్రిక, వాడ గోడ మీద వారానికోసారి రాసే వార్త, ఇవి కూడా తరగతిలో భాగమే. ఉత్సాహం ఉన్నవారికి తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాసే దారి ఉంది. గల్ఫ్ పోదలచిన కుర్రవాడికి ఆ సర్టిఫికెట్ పాస్‌పోర్టు దగ్గర కూడా పనికొస్తుంది.

దాతలకు మా విన్నపం

దాతలారా, ఈ పనికి భవనం అక్కర్లేదు. చాప, పలకలు, పెద్ద అక్షరాల పుస్తకాలు, కళ్లద్దాలు, తల్లులు చదివే గంటసేపు చంటిపిల్లలను చూసుకునే ఒక మనిషి, ఆడపిల్లలైన సేవకులకు రానుపోను ఆటో ఖర్చు. అంతే. అయితే మూడు నెలలు ఇచ్చి ఆపేస్తే అది వృథా. ఒక వాడను తీసుకుంటే ఏడాది పాటు పట్టుకోండి. ఏడాది చివర ఎంతమంది సంతకం నేర్చుకున్నారని మమ్మల్ని అడగకండి. ఎంతమంది తమ పీఎఫ్ చిట్టీ తామే చదివారు, ఎంతమంది తమ మందుల పేరు తామే చదివారు అని అడగండి. జకాత్ సొమ్ము ఇందులో ఎంతవరకు, ఎవరికి వాడవచ్చో ఉలమాలను అడిగి నడుచుకుందాం. సదఖాకు మాత్రం తలుపు తెరిచే ఉంది. ప్రయోజనం చేకూర్చే జ్ఞానం మనిషి చనిపోయాక కూడా పుణ్యం అందించే వాటిలో ఒకటని మనందరికీ తెలుసు.

డబ్బు ఇవ్వలేనివారు సమయం ఇవ్వండి. మీ ఇంట్లో పనిచేసే ఆమెకు, మీ దుకాణంలో మూటలు మోసే చాచాకు, చదువు రాకుండానే మిమ్మల్ని చదివించిన మీ అమ్మకు, రోజుకు అరగంట. బద్ర్ బందీలకు పదిమంది చొప్పున లెక్క పెట్టారు. మనకు స్వేచ్ఛ ఉంది, మనం ఒక్కరితో మొదలుపెట్టలేమా?

చివరగా ఒక మాట. ఆనాడు మేము ఉత్తరం సగం చదివి ఆపిన ఆ కోడలు తర్వాత కోరుట్లలో స్థిరపడింది. ఇప్పుడు ఆమెకు మనవళ్లున్నారు. మా వాకిలి తరగతికి వచ్చి చేరింది. మమ్మల్ని గుర్తుపట్టింది, పాత సంగతి ఎత్తలేదు. తొమ్మిది నెలలకు కూడబలుక్కుంటూ చదవడం వచ్చింది. అప్పుడు ఒకరోజు, పాత ఉత్తరాలన్నీ ఇంట్లో సందూకులో ఉన్నాయని చెప్పింది. చదివావా అని మేము అడగలేదు. ఆ ఉత్తరాలు ఆమెవి.

అల్లాహ్ మన ఈ చిన్న ప్రయత్నాన్ని స్వీకరించుగాక. చదువుకున్నవారిని నేర్పేవారిగా, నేర్చుకున్నవారిని మరొకరికి అందించేవారిగా చేయుగాక. ఆమీన్.